డాబాకు తెల్ల రంగు చాలా, ఇన్సులేషన్ కావాలా? (సున్నపుగోడ, మెట్లగది అన్నవి జవాబిచ్చినవారి మారుపేర్లు)

ఖమ్మం గృహస్థు: మాది 5 అంగుళాల స్లాబు వేసిన ఒంటి అంతస్తు ఇల్లు. మే నెలలో రాత్రి 9 గంటలకు కుర్చీ ఎక్కి పైకప్పుకు అరచేయి ఆనిస్తే వేడి ఇంకా తగులుతూనే ఉంటుంది. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లితే కాసేపు హాయిగా ఉంటుంది గాని, బోరు నీళ్లను అలా పారబోయడానికి మనసొప్పడం లేదు. తెల్ల రంగు చాలునని ఒక మేస్త్రి, వేడిని ఆపే ఇన్సులేషన్ పలకలు పరచి పైన గచ్చు చేయాలని మరొక మేస్త్రి అంటున్నారు. ఇంట్లో ఏసీ లేదు. ఏది సబబు?

సున్నపుగోడ: రంగే సబబు. మే రెండో వారంలో ఖమ్మంలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కనుక గోడల కన్నా డాబాయే ఎక్కువ ఎండ తింటుంది. ఆ ఎండను స్లాబుకు ఎక్కకముందే వెనక్కి కొట్టేది తెల్లదనమే. తెలంగాణ 2023 కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న ఇళ్ల స్థలాలకు ఇలా ఎండను వెనక్కి కొట్టే పైకప్పును తప్పనిసరి చేసింది. పైగా ఆ పలకలు పెట్రోలియం నుంచి పుట్టినవి. ఏసీ లేని ఇంటికి అంత మందం కప్పితే రాత్రి లోపలి వేడి ఎటు పోవాలి?

మెట్లగది: రంగు గురించి మీరన్నది నిజమే, అయితే అది తెల్లగా ఉన్నంతకాలమే. మా డాబా మీద వడియాలు, మిరపకాయలు ఎండబెట్టిన చోట, రోజూ నడిచే దారిలో రెండో ఎండాకాలానికే రంగు బూడిదలా మాసింది. ఏటా కడిగి మళ్లీ పూసే ఓపిక ఎందరికి ఉంటుంది? ఇక ఇళ్లలో ఇంధన పొదుపు కోసం కేంద్రం తెచ్చిన 2018 నాటి ఈకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ విలువ (కప్పు గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 1.2 దాటకూడదు, వట్టి స్లాబుది 3 పైనే ఉంటుంది, రంగు ఆ అంకెను కదిలించలేదు, 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ (గట్టి ప్లాస్టిక్ నురుగు) పలక మాత్రం 0.5 దరిదాపులకు దించుతుంది. అంతే మందం కాంక్రీటు చేయలేని పని అది. రాత్రి వేడి సంగతి పలక ఎక్కడ వేశామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ పైన, అంటే స్లాబు కింద వేస్తే స్లాబు పగలంతా కాగుతూనే ఉంటుంది. స్లాబు మీద వేస్తే ఎండ దాన్ని నేరుగా తాకదు, రాత్రి కిటికీలు తీసి ఉంచితే వచ్చే చల్లగాలికి లోపలి వైపు చల్లబడి మర్నాడు గదికి ఆ చల్లదనాన్ని కొంత అందిస్తుంది.

సున్నపుగోడ: కిటికీలు తీసి పడుకోగలిగే వీధి అయితే ఒప్పుకుంటాను. దోమలకు, దొంగలకు జడిసి మూసుకునే ఇంట్లో మీ లెక్క తప్పుతుంది. పెట్రోలియం ప్రశ్నకూ మీరు జవాబివ్వలేదు.

మెట్లగది: దానికి జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. కిటికీలకు దోమతెర, ఊచలు పెట్టించండి, అది పలకల కన్నా చవక. ఖమ్మం గారూ, పని మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోండి: పలక, దాని మీద కోడిమెష్‌తో (సన్న ఇనుప జాలీతో) గచ్చు, టైల్సు కలిసి డాబా 4 అంగుళాలకు పైగా లేస్తుంది. మీ మెట్లగది గడప అంతకన్నా ఎత్తు ఉందా? లేకుంటే వాన నీళ్లు లోపలికి దిగుతాయి.

ఖమ్మం గృహస్థు: ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. 3 అంగుళాలే ఉంది.