'ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్': మేగన్ అధ్యాయాలు ముందే చదివేయొచ్చా?

పౌలా హాకిన్స్ నవల (2015) మధ్యలో ఆగిపోయాను. కథని రేచల్, మేగన్, ఆనా అనే ముగ్గురు ఆడవాళ్ళు వంతులవారీగా చెబుతారు. రేచల్ భాగం బాగా పట్టింది. పొద్దున 8.04 లండన్ రైలు సిగ్నల్ దగ్గర ఆగడం, పట్టాల పక్కింట్లో జంటను చూసి జెస్, జేసన్ అని తనే పేర్లు పెట్టేసుకోవడం (ఆ జెస్ అసలు పేరే మేగన్)... తాగిన రాత్రి ఏం జరిగిందో ఆమెకే గుర్తుండదు, నమ్మాలో వద్దో మనకి తెలీదు. అదే మజా.

చిక్కల్లా తేదీలతో. రేచల్ కథ 2013 జులైలో, మేగన్‌ది 2012 మేలో మొదలవుతాయి. మొదట ఆడియోబుక్ విన్నా, అందులో తేదీ చెవిన పడేలోపే కథ ముందుకెళ్ళిపోతోంది. స్పీడ్ 1.25 నుంచి మామూలుకి తగ్గించినా అంతే. కిండిల్‌లో కొని, ఎవరు, ఏ తేదీ, పొద్దునా సాయంత్రమా అని కాగితం మీద రాసుకుంటూ చదివా. లెక్క కుదిరింది గానీ, వెనక్కీ ముందుకీ తిప్పడంలో ఉత్కంఠ చచ్చిపోయింది. (ఆనా నాకు పెద్దగా ఎక్కలేదు, అది వేరే సంగతి.)

మేగన్ కనిపించకుండా పోయి, పోలీసులు రేచల్ ఇంటికొచ్చిన చోట ఉన్నా. తర్వాతి కథ దయచేసి చెప్పకండి. పూర్తిచేసినవాళ్ళు ఈ ఒక్కటి చెప్పండి: మేగన్ అధ్యాయాలన్నీ వరసగా ముందే చదివేస్తే ముగింపు తెలిసిపోతుందా?