పడవ ట్రాన్సమ్ (వెనుక పలక) మూలలో జెల్‌కోటు (బయటి రెజిన్ పూత) ముడుచుకుంటోంది, ఏం చేయాలి?

గోపాల్‌పూర్ దగ్గర ఇంటి షెడ్డులోనే 18 అడుగుల స్కీ బోటు హల్ (పడవ బాడీ) అచ్చులో వేస్తున్నామండీ. అడుగుభాగం నున్నగా వస్తోంది. గొడవంతా ట్రాన్సమ్ పక్కకి తిరిగే ఒంపులోనే: చదరపు మీటరుకి 300 గ్రాములుండే మొదటి ఫైబర్‌గ్లాస్ మ్యాట్ మీద రెజిన్ పూసిన కాసేపటికే జెల్‌కోటు మొసలి చర్మంలా ముడతలు పడుతోంది.

జెల్‌కోటు గట్టిపడడానికి కలిపే హార్డెనర్ 1.5 శాతం. తడిపూత 0.5 మి.మీ. ఉండేలా చూస్తున్నాం, కాకపోతే ఒంపులో పూత మందం కొలిచే దువ్వెన గేజీ సరిగ్గా ఆనదు. వేలికి జిగురు తగిలినా రంగు అంటని దశలోనే మ్యాట్ వేస్తున్నాం. పలచని, సగం ఆరిన పొరని రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం తినేస్తుందని తెలుసు. ఆవిరి అడుగున నిలవకుండా ఫ్యాను కూడా పెట్టాం.

ఈ వానాకాలపు తేమకి హార్డెనర్ 2 శాతం చేయాలా, మూలల్లో బ్రష్షుతో రెండో పూత వేయాలా? ముడతపడ్డ జానెడు మేర గోకి ప్యాచ్ వేస్తే అలల దెబ్బలకి నిలుస్తుందా? స్ప్రే గన్ లేదు, అది మనసులో పెట్టుకుని చెప్పండి.