‘ప్రాచ్య’ అంటే ఎవరికి తూర్పు?

గ్రూపులో పెద్దలకి నమస్కారం. చిన్న సందేహమే, కానీ మా ఇంట్లో రెండు రోజులుగా నలుగుతోంది.

మా అమ్మాయి పియానో నేర్చుకుంటోంది. ఈసారి వాళ్ల టీచరు ఇప్పుడెవరూ పెద్దగా వాయించని ఒక ఫ్రెంచ్ సంగీతకర్త పీస్ ఇచ్చారు. ఆయన పేరు ఫెలీసియాన్ దవీద్. 1833లో కొందరు మిత్రులతో కలిసి ఇస్తాంబుల్, స్మిర్నా (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) మీదుగా ఈజిప్టు వెళ్లి, అక్కడ ప్లేగు రావడంతో 1835లో తిరిగొచ్చేశాడట. మరుసటి ఏడు పియానో కోసం ‘మెలొడీ ఓరియాంతాల్’ అని ఒక సంపుటి వేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1844లో ‘ల దెజేర్’, అంటే ‘ఎడారి’ అనే పెద్ద రచన పారిస్‌లో హిట్టయ్యాకే ఆయన పేరు మోగింది.

అమ్మ అడిగింది, పిల్ల వాయించేది ఏమిటే అని. నేను గొప్పగా ‘ప్రాచ్య గీతాలు’ అన్నాను. “ప్రాచ్యమా? మీ నాన్న భాషాప్రవీణ చదివింది ప్రాచ్య కళాశాలలోనే కదే. ఇది పియానో మీద పంచకావ్యాలు వాయిస్తుందా?” అంది. నవ్వాను గానీ, ఆవిడ మాటలో పాయింటుంది. ‘ఓరియంటల్’కి ఇక్కడ సరైన తెలుగు మాట ఏది?

తెనాలి మాస్టారు: అమ్మా, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ చెవి సరైన చెవి. ప్రాచ్య, ప్రాచీన, రెండూ ఒక్క ‘ప్రాక్’ నుంచి పుట్టినవే. ప్రాక్ అంటే ముందు, ఎదుట. పొద్దుపొడుపుకి ఎదురుగా నిలబడితే ముందున్నది తూర్పు కనక అది ప్రాచి అయింది; కాలంలో ముందున్నది ప్రాచీనం అయింది. ‘పూర్వ’కీ ఇదే కథ. అలా నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం. దక్షిణ అంటే కుడి కూడాను. వెనక ఉన్నది పశ్చిమం.

అందుకే ‘ప్రాచ్య’ అనగానే మనకి తాటాకులు, లిఖిత భాండాగారం, శిరోమణులు గుర్తొస్తారు. పాతది, అందులోనూ మనది అనిపిస్తుంది. ఆ ఫ్రెంచాయనకి మాత్రం ‘ఓరియంట్’ అంటే తనది కానిది, కొత్తగా చూసి వచ్చినది. నిఘంటువులో రెండు మాటలూ ఒకటే, చెవికి మాత్రం పూర్తిగా ఎదురు.

హైదరాబాద్ నుంచి: మన పేపర్లు ‘మధ్యప్రాచ్యం’ అని రాసినప్పుడల్లా నాకు ఇదే తంటా సార్. దుబాయ్ ఫ్లైట్ పడమటికే కదా ఎగిరేది! ‘పశ్చిమాసియా’ అని రాసేవాళ్లు నయం. ఇంకోటి, లాటిన్ ‘ఓరియెన్స్’ అంటే ఉదయించేది. అరబీ ‘మష్రిక్’ కూడా పొద్దు పొడిచే చోటే. దానికి ఎదురు మాట ‘మగ్రిబ్’, అంటే పడమర; మగ్రిబ్ నమాజు సూర్యాస్తమయం తర్వాతదని మా బస్తీలో చిన్నపిల్లాడికీ తెలుసు.

ఒక సభ్యుడు: తూర్పు అన్నారు కాబట్టి అడుగుతున్నా, ‘తూర్పారబట్టడం’ తూర్పుగాలిలో ధాన్యం ఎగరబోయడం నుంచి వచ్చిందా?

తెనాలి మాస్టారు: దిక్కుతో పనిలేదు నాయనా. తమిళంలోనూ తూర్పెత్తడానికి ‘తూట్రు’ అనే మాట ఉంది, దానికీ నిందించడం అనే రెండో అర్థం ఉంది. దీనికి వేరే పోస్టు పెట్టు, ఇక్కడ పియానో నడుస్తోంది.

సంగీతం టీచర్: మాట సంగతి మాస్టారు చూసుకుంటారు, నేను స్వరం సంగతి చెప్తాను. ఆ కాలం యూరప్ వాళ్లు తూర్పుదనం చూపించాలంటే తరచూ చేసే పని ఒకటుంది. రెండు స్వరాల మధ్య మామూలు కంటే పెద్ద గెంతు పెడతారు, సరిగ్గా మన శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఉన్నంత. అలాంటివి రెండు పెట్టిన స్కేలు వాళ్లకి ‘అరబిక్’. మనకి అది మాయామాళవగౌళ! పక్కా సరళీ స్వరాలు. వాళ్లకి ఒళ్లు పులకరించే వింత, మనకి ఆరేళ్ల పిల్ల పొద్దున్నే ఆవులిస్తూ పాడే పాఠం.

అలాగే బలాకిరెవ్ అనే రష్యన్ 1869లో రాసిన ‘ఇస్లామే’ గురించి కూడా చెప్పాలి. దాని ఉపశీర్షిక ‘ఓరియంటల్ ఫాంటసీ’. వేళ్లు విరిగేంత కష్టం. ఫ్రెంచ్ సంగీతకర్త రవెల్ తన పియానో రచన ‘గాస్పార్ ద లా న్యూయీ’ని దీనికంటే కష్టంగా ఉండాలని పట్టుబట్టి రాశాడు. పేరు చూసి దీన్ని ‘ఇస్లాం మీద రచన’ అనుకునేవాళ్లున్నారు. కాదండీ, అది కాకసస్‌లో ఒక నాట్యం పేరు. అక్కడ ఒక సిర్కాసియన్ రాకుమారుడు వాయిస్తుంటే బలాకిరెవ్ విన్నాడు. మధ్యలో వచ్చే నెమ్మది పాట క్రిమియా తాతారులది. అంటే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చుని చూస్తే ఆ ‘తూర్పు’ నిజానికి దక్షిణాన ఉంది.

తెనాలి మాస్టారు: అందుకే నా ఓటు ఊరి పేరుకి. ఆయన ఈజిప్టు వెళ్లాడు, ‘ఈజిప్టు పాటలు’ అనెయ్, గొడవ వదిలిపోతుంది. దిక్కు పేరు పెడితే ఎవరి ఇంటి నుంచి చూస్తున్నామో కూడా చెప్పాల్సొస్తుంది.

అడిగినావిడ: మాస్టారూ, స్మిర్నా ఈజిప్టులో లేదు కదండీ, ఆ సంపుటిలో అదీ ఉంది! ఈ పీసులే తర్వాత ‘బ్రీజ్ దోరియాఁ’ పేరుతో మళ్లీ అచ్చయ్యాయి. ‘తూర్పు గాలులు’ అందామంటే, కోస్తాలో పుట్టినదాన్ని, నాకు తూర్పుగాలి అంటే బంగాళాఖాతం, ఉప్పు, తడి. ఆయనకేమో ఇసుక. చివరికి ‘తూర్పు దేశాల పాటలు’ అని రాసి, పక్కనే ‘పారిస్ నుంచి చూస్తే’ అని చేర్చాను. అందంగా లేదు, కానీ అబద్ధం కాదు.

టీచర్‌గారు చెప్పిన ఆ ‘అరబిక్’ స్కేలుని పియానో మీద అమ్మాయి చేత సి నుంచి సి దాకా వాయింపించాను. రి, ద నల్ల మెట్లు, మిగతావన్నీ తెల్లవి. వంటింట్లోంచి అమ్మ కేక: “రెండో కాలం కూడా వాయించమనవే!”