ఫోర్ వీల్ లాక్ పడిందో లేదో కచ్చితంగా తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది ఆదిలాబాద్ జిల్లా, నల్లరేగడి నేల. వానాకాలంలో చేనుకు వెళ్లి రావడానికి ఒక పాత డీజిల్ జీపును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పోయిన వారం బురదలో దిగబడినప్పుడు లివరును ఫోర్ హెచ్‌లోకి (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే స్థానంలోకి) వేశాను. డాష్‌బోర్డు మీద దీపం కూడా వెలిగింది. అయినా వెనుక చక్రాలు గుంత తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగిపోయాయే తప్ప ముందు చక్రాలు రెండూ కదలలేదు. ముందు హబ్బుల (చక్రం మధ్యలో ఉండి దాన్ని ఇరుసు షాఫ్టుతో కలిపే, విడదీసే భాగాల) మీద చేతితో తిప్పే మూతలు ఉన్నాయి గానీ, ఫ్రీ, లాక్ అనే అక్షరాలు అరిగిపోయాయి. లాక్ పడిందని, మళ్లీ విడిపోయిందని నమ్మకంగా తెలుసుకునే మార్గం చెప్పగలరు.

మొదటి సమాధానం:

ఆ దీపాన్ని నమ్మకండి. దాని స్విచ్ ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేరు పెట్టె) మీద ఉంటుంది కాబట్టి లోపల గేరు కలిసిందని మాత్రమే చెబుతుంది, హబ్బుల సంగతి దానికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపులకు ఇలా లాక్ చేసే హబ్బులే లేవు. అమెరికాలో 1948లో మొదలైన వార్న్ సంస్థ వాటిని అమర్చడంతోనే పేరు తెచ్చుకుంది. అప్పటి నుంచి లాక్ పడవలసిన చోట్లు రెండయ్యాయి: ట్రాన్స్‌ఫర్ కేసు, హబ్బులు.

చదునైన నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, లివరును టూ హెచ్‌లో (వెనుక చక్రాలకే బలం అందే స్థానంలో) ఉంచి, ముందు చక్రం ఒకదాన్ని జాకీతో లేపండి. చక్రాన్ని చేతితో తిప్పుతూ దాని వెనుక ఉన్న యాక్సిల్ షాఫ్టును (చక్రానికి బలం తెచ్చే ఇరుసు కడ్డీని) చూడండి. షాఫ్టు కూడా తిరిగితే హబ్బు లాక్‌లో ఉన్నట్టు, చక్రం ఒక్కటే తిరిగితే ఫ్రీలో ఉన్నట్టు. అరిగిన అక్షరాలతో పని లేదు, ఏ వైపు ఏది అన్నది చక్రమే చెబుతుంది. రెండో చక్రాన్నీ ఇలాగే చూడండి.

తరువాత రెండు హబ్బులనూ లాక్‌లో ఉంచి లివరును ఫోర్ హెచ్‌లోకి వేయండి. లేపిన చక్రం ఇప్పుడు కొద్దిపాటి ఆటకు మించి కదలకూడదు. తిరుగుతూ, ముందు ప్రొపెల్లర్ షాఫ్టును (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు ఇరుసుకు వెళ్లే కడ్డీని) కూడా తనతో తిప్పితే లోపం ట్రాన్స్‌ఫర్ కేసులో ఉంది. యాక్సిల్ షాఫ్టు తిరుగుతున్నా ప్రొపెల్లర్ షాఫ్టు కదలకపోతే మాత్రం అనుమానించవలసింది నేల మీద ఉన్న అవతలి హబ్బును. ఒక్క హబ్బు పట్టకపోయినా డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండి రెండు వైపులకూ బలం పంచే గేర్లు) బలమంతా ఆ వైపు ఖాళీ షాఫ్టును తిప్పడానికే పోతుంది కనుక రెండు చక్రాలూ నిలిచిపోతాయి. మీ విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం.

రెండవ సమాధానం:

విడిపోవడం గురించి నాలుగు మాటలు. మలుపులో ముందు చక్రాలు వెనుక వాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో ఆ తేడా జారుడులో కలిసిపోతుంది గానీ తారు రోడ్డు మీద షాఫ్టుల్లో మెలికలా బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కి, మలుపులో బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు కుదిస్తే లాక్ ఇంకా ఉన్నట్టే. అటువంటప్పుడు లివరు రాకపోయినా, వచ్చినా దీపం ఆరకపోయినా బలం చేయకండి. స్టీరింగును నేరుగా ఉంచి కొన్ని మీటర్లు రివర్స్‌లో వెళ్తే బిగువు సడలి విడిపోతుంది. లివరు టూ హెచ్‌లో ఉన్నంత వరకు హబ్బులు లాక్‌లో ఉన్నా నష్టం లేదు. ముందు షాఫ్టులు ఊరికే తిరిగి డీజిల్ కాస్త ఎక్కువ కాలుతుంది, అంతే. వానాకాలమంతా నేను లాక్‌లోనే వదిలేస్తాను.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం చూశాను. కుడి వైపు షాఫ్టు చక్రంతో పాటే తిరిగింది. ఎడమ వైపు మూతను ఎటు తిప్పినా చక్రం ఒక్కటే తిరిగింది. మూత విప్పితే గ్రీజు మట్టితో కలిసి మైనంలా గట్టిపడి ఉంది, జరగవలసిన రింగు అందులో ఇరుక్కుపోయింది. డీజిల్‌తో కడిగి ఆరబెట్టాను. గ్రీజు మళ్లీ నిండుగా పెట్టాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

వద్దండి. రింగుకు పలుచగా రాస్తే చాలు. నిండుగా కూరితే మళ్లీ అదే అవుతుంది. మూత కింది రబ్బరు రింగు పగిలి ఉంటే మార్చండి, మట్టి నీళ్లు లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. బిగించాక జాకీ తీయకముందే చక్రాన్ని మరొకసారి తిప్పి చూడండి.