శాండ్‌హిల్స్‌లో మైలుకో రోడ్డు ఎందుకు లేదు?

పటాలపిచ్చి: అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం పటంలో తూర్పు భాగమంతా మైలుకో రోడ్డు, అచ్చం గళ్ల లుంగీ. పడమర శాండ్‌హిల్స్ అనే ఇసుక దిబ్బల ప్రాంతంలోకి వచ్చేసరికి గళ్లు మాయం. హైవే 2 చాలా దూరం మిడిల్ లూప్ నదిని పట్టుకునే పోతుంది. నేలను మైలు చదరాలుగా గీసిన ప్రభుత్వ సర్వే రెండు చోట్లా ఒకటే కదా, మరి తేడా ఎక్కడొచ్చింది?

ఊటనీరు: సర్వే ఒకటేనండీ, 640 ఎకరాల మైలు చదరాలు, అంటే సెక్షన్లు, కాగితం మీద అక్కడా ఉన్నాయి. నేల మీద ఉన్నవి మాత్రం గడ్డి పట్టిన ఇసుక దిబ్బలు, కొన్ని 400 అడుగుల ఎత్తు. గీత మీదే రోడ్డు వేయాలంటే వాటిని కోయాలి, కోసిన చోటల్లా గాలి ఇసుకను లేపుతుంది. అందుకే రోడ్డూ రైలూ లోయ పట్టాయి. వాన ఇసుకలో ఇంకి లోయలో ఊటగా తేలుతుంది. ఆ తడి నేలల్లోనే చలికాలానికి గడ్డి కోసి ఎండబెడతారు. 1904 కింకెయిడ్ చట్టం అక్కడ స్థిరపడడానికి వచ్చినవాళ్లకు ఒక్కొక్కరికి 640 ఎకరాల దాకా ఇచ్చింది. ఆవు-దూడ జతకు ఏడాదికి సుమారు 20 ఎకరాలు వేసుకున్నా ముప్పై చిల్లర ఆవులే. చాలామంది అమ్ముకుని పోయారు. రాంచ్‌లు (పశువుల పెంపకం క్షేత్రాలు) పెద్దవయ్యాయి, రోడ్డు అడిగేవాళ్లు మిగల్లేదు.

తూము: లోయలో రోడ్డూ తేలిక కాదు. తడి నేలకు అడ్డంగా కట్ట పోసి చిన్న తూము పెడితే ఎగువన చిత్తడి, దిగువన గడ్డి ఎండుతుంది. తూము వాగు అడుగు కన్నా లోతుగా పెడితే మరీ చెడ్డ: కోత ఎగువకు పాకుతుంది, వాగు దిగినకొద్దీ ఊట గడ్డి వేళ్లకు అందదు. ఎత్తుగా పెడితే నీళ్లు దూకి అవతల గుంట తవ్వుతాయి. వాగు అడుగుకు సమంగా పెట్టి, నీళ్లు బయటపడే చోట రాళ్లు పరవాలి.

పటాలపిచ్చి: మరి వాగుకు దూరంగా ఉన్న మేత?

గాలిమర: నీళ్లు తోడే గాలిమరలూ తొట్లూ ఉన్నది అందుకే. మేత లెక్కల్లో వాడే కొలత: నీటికి మైలు లోపలి గడ్డి పూర్తిగా, ఒకటీ రెండు మైళ్ల మధ్య సగం, రెండు దాటితే సున్నా. తొట్టి దాకా పడే బండి జాడతోనే జాగ్రత్త. గాలి కొట్టే వాయవ్య వాలు మీద పడిందో, గడ్డి చచ్చి, గాలి ఇసుకను తవ్వుకుపోయే గాలిగుంట మొదలవుతుంది. జాడ మార్చి, కంచె వేసి, పాత ఎండుగడ్డి పరిచి ఆపుతారు. కంచె దాటే చోట గుంట మీద ఇనుప గొట్టాలు పరిచిన ‘ఆటోగేట్’ ఉంటుంది: బండ్లు పోతాయి, ఆవులు దాటవు. ఇసుకో మంచో నిండిందంటే ఆవులు దర్జాగా నడిచిపోతాయి, తవ్వి తీస్తూనే ఉండాలి. పక్కనే మామూలు గేటు ఒకటి తప్పనిసరి: మంద తోలడానికి, ఆటోగేట్‌లో పట్టని వెడల్పాటి గడ్డి యంత్రాలకు.