‘ఎనేబుల్స్ హర్’లో ఆ ‘హర్’ ఎవరిని పట్టుకుంటుంది?

అరసున్న: అమెరికాలో శాట్‌కి ముందు రాసే పీశాట్‌లో, వాక్యంలో తప్పెక్కడుందో పట్టమనే పాత ప్రశ్నొకటి సగమే గుర్తుండి వేధిస్తోంది. ‘టోనీ మోరిసన్స్ జీనియస్ ఎనేబుల్స్ హర్ టు క్రియేట్ నావెల్స్ దట్ అరైజ్ ఫ్రమ్ అండ్ ఎక్స్‌ప్రెస్...’ అక్కడితో సరి. తప్పు ‘హర్’ దగ్గరా, ‘ఫ్రమ్ అండ్’ దగ్గరా? అలాంటిది ఇప్పుడొస్తే ఏం పెట్టాలి?

శకటరేఫ: ‘...ది ఇన్‌జస్టిసెస్ ఆఫ్రికన్ అమెరికన్స్ హావ్ ఎండ్యూర్డ్’ అని ముగుస్తుంది. 2002 అక్టోబరు పరీక్ష. జవాబుల కీలో ‘తప్పు లేదు’ అనే ఉంది. ‘మోరిసన్స్’ షష్ఠి (‘యొక్క’ విభక్తి) కాబట్టి విశేషణం కింద లెక్క, కర్మగా వచ్చిన ‘హర్’ దాన్ని పట్టుకోవడం కుదరదు అని మేరీలాండ్ టీచరొకరు పట్టుబట్టారు. 2003లో ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు ఆ ప్రశ్నను లెక్కలోంచి తీసేసి మార్కులు మళ్ళీ వేసింది.

‘ఫ్రమ్ అండ్’లో దోషం లేదు. విడదీసి చదవండి: ‘అరైజ్ ఫ్రమ్ ది ఇన్‌జస్టిసెస్’, ‘ఎక్స్‌ప్రెస్ ది ఇన్‌జస్టిసెస్’. రెండూ నిలబడ్డాయి. ‘ఫ్రమ్’ లేకుండా ‘అరైజ్ అండ్ ఎక్స్‌ప్రెస్’ అని ఉంటే మొదటిది కూలిపోయేది.

వలపలగిలక: ప్రశ్న తీసేసినంత మాత్రాన వాక్యం తప్పయిపోదండీ. ‘మేరీస్ మదర్ లవ్స్ హర్’ అంటే అర్థం కానిదెవరికి? పేచీ అంతా ఆ ఒక్క మాట తెచ్చింది. ‘హర్’కి షష్ఠీ (‘ఆమె యొక్క’) ద్వితీయా (‘ఆమెను’) ఒకటే రూపం. ‘మోరిసన్స్ జీనియస్ షేప్స్ హర్ నావెల్స్’ అంటే ఆ టీచరు నియమం ఒప్పుకుంటుంది, షష్ఠికి షష్ఠి కుదిరింది గనుక. ‘ఎనేబుల్స్ హర్’ అనగానే ఒప్పుకోదు. పురుషుడి పేరు పెడితే ‘హిజ్’, ‘హిమ్’ అని తేడా బయటపడుతుంది. చెవికి వినబడని తేడా మీద మార్కులు వేయడం న్యాయం కాదు.

మత్తేభం: ఈ తగవు పాతదే. పతంజలి రాసిన సంస్కృత వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో ‘దేవదత్తస్య గురుకులమ్’ (దేవదత్తుడి గురువు ఇల్లు) చర్చ చూడండి. బయటి పదానికి సంబంధం సమాసంలో ఒదిగిపోయిన ‘గురు’తో, ‘కులం’తో కాదు. అయినా అర్థం స్ఫురిస్తుంది కాబట్టి సాధువే అన్నారు. ‘హర్’కీ అదే న్యాయం.

శకటరేఫ: శాస్త్రం సరే, పరీక్ష రాసేవాళ్ళ సంగతి చూద్దాం. ఆ షష్ఠి నిజంగా దెబ్బతీసే చోటు సర్వనామం కాదు, వాక్యం మొదట్లో వేలాడే విశేషణం. ‘బార్న్ ఇన్ ఒహాయో, టోనీ మోరిసన్స్ నావెల్స్...’ అని ఎత్తుకుంటే కామా తర్వాతి కర్త నవలలు. ఒహాయోలో పుట్టింది నవలలు కావు. ఇది అన్ని పరీక్షల్లోనూ తప్పే. మన పిల్లలు ఇక్కడే జారిపోతారు, ఎందుకంటే ‘ఒహాయోలో పుట్టిన టోనీ మోరిసన్ నవలలు’ తెలుగులో నిక్షేపంలాంటి మాట. మన షష్ఠికి ప్రత్యయం కూడా అక్కర్లేదు, ‘పుట్టిన’ నేరుగా మనిషికే అతుక్కుంటుంది. అందుకే చెవిని నమ్మొద్దు. కామా తర్వాతి మొదటి నామవాచకం కింద గీత గీసి, ‘పుట్టింది ఇదేనా?’ అని అడగాలి.

మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో ఈ వాక్యం దిద్దే విభాగం ఉన్నన్నాళ్ళూ ఐదు ఆప్షన్లలో మొదటిది మూలవాక్యమే. మధ్యలో ఇరికించిన పదబంధాలు కొట్టేసి ముందు కర్తా క్రియా పొంతన, తర్వాత విశేషణం ఎవరిదో, ఆపైన జాబితాలో అంగాల సమత, చివరికి సర్వనామం చూడాలి. షష్ఠి నియమం ఒక్కదాన్నే పట్టుకుని మొదట్లోనే ఆప్షన్ కొట్టేస్తే సరైనది పోతుంది. మిగతావన్నీ చూశాక రెండు మిగిలితేనే దాన్ని బయటికి తీయాలి. 2023 నవంబరులో వచ్చిన దాని కొత్త రూపం ఫోకస్ ఎడిషన్‌లో ఆ విభాగం లేదు. డిజిటల్ శాట్‌లో నాలుగు ఆప్షన్లతో వేలాడే విశేషణాలు ఇంకా వస్తున్నాయి.

అరసున్న: అంటే ‘హర్’ ఒక్కటే అనుమానంగా ఉంటే ‘తప్పు లేదు’ అని పెట్టడమేనా?

వలపలగిలక: నేనైతే అదే పెట్టమంటాను.

శకటరేఫ: ఆ ప్రశ్నకు తప్పు లేదన్న జవాబును బోర్డే చివరిదాకా నిలబెట్టుకోలేదు. అంత ధీమా వద్దు.

మత్తేభం: మన పోతన్నను అడిగితే సరి. ‘ఎవ్వని లోపల నుండు లీనమై’లో ‘ఎవ్వని’ షష్ఠి. పద్యం చివర దాన్ని అందుకున్నది ‘వాని నాత్మభవు నీశ్వరు’, ద్వితీయ. షష్ఠిని ద్వితీయ అందుకుంటే ఏ తెలుగువాడికీ అడ్డు రాలేదు. ఆ ఎత్తుగడ, ఆ ఎదురుచూపు, చివరికి ‘వాని’ దగ్గర ఆగడం! ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

వలపలగిలక: ఆ ఉదాహరణ చెల్లదు మాస్టారూ. మధ్యలో ‘పరమేశ్వరుడెవ్వడు’, ‘మూలకారణంబెవ్వడు’ అని ప్రథమలు వరసకట్టాయి. ‘వాని’ అందుకున్నది వాటిని.

మత్తేభం: యత్తదర్థంలో, అంటే ‘ఎవడో, వాడు’ అనే జంటలో, దగ్గరా దూరం లెక్క లేదు. ‘ఎవ్వనిచే’ మొదలు అన్నిటికీ కలిపి ఒక్కటే ‘వాని’.

శకటరేఫ: అసలు విశేషం ‘వాని’లోనే ఉంది. అదీ ‘హర్’లాంటిదే, షష్ఠికీ ద్వితీయకూ ఒకే ముఖం. తేడా చూపేది ద్రుతం, అంటే చివరి నకారం. ‘వానిన్ ఆత్మభవున్’ అని విడదీస్తే స్వయంభువైన అతణ్ణి. నకారం వదిలేసి ‘వాని ఆత్మభవు’ అని చదివితే అతని కొడుకు!

వలపలగిలక: అలా విడదీయడానికి అక్కడ ‘నా’ ఉందిగా, కనబడుతూనే ఉంది.

శకటరేఫ: రాతలో కనబడుతుంది. పాడేవాళ్ళు ‘వాని’ దగ్గర ఊపిరి తీసుకుని ‘నాత్మభవు’ అని ఎత్తుకుంటే, వినేవాడికి ఆ నకారం దేనిదో తెలిసేదెలా?

అరసున్న: మరి నా ప్రశ్న?