లూకా 14:26లోని “ద్వేషింపకుండిన” అన్న మాట అలంకారమా?

ప్రశ్న:
బైబిలును ఇంగ్లీషులో చదువుతున్నాను. “నేనే ద్వారమును” అన్నది మెటఫర్ అని పోల్చుకోగలుగుతున్నాను గాని, మెటానమీకీ సినెక్డకీకీ ఉన్న తేడా తేల్చుకోలేకపోతున్నాను. అంతకంటె పెద్ద సందేహం మరొకటి ఉంది. తండ్రిని, తల్లిని ద్వేషింపనివాడు తన శిష్యుడు కానేరడని యేసు లూకా 14:26లో చెప్పిన మాటను అలంకారమంటే, దాని తీవ్రతను మనమే తగ్గించినట్లు కాదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
మాటకు నేరుగా ఉన్న అర్థాన్ని విడిచి, దానికి సంబంధించిన మరో అర్థాన్ని గ్రహించడాన్ని మన అలంకారశాస్త్రం లక్షణ అంటుంది. దానికి చెప్పిన నియమం ఇక్కడా పనికివస్తుంది. ముందు వాచ్యార్థం, అంటే మాటకు నేరుగా ఉన్న అర్థం, పొసగకపోవాలి, దానికీ ఉద్దేశించిన అర్థానికీ సంబంధం ఉండాలి, అలా చెప్పడానికి రూఢి (స్థిరపడిన వాడుక) గాని ప్రయోజనం గాని కనిపించాలి. ఆ సంబంధం పోలిక అయితే మెటఫర్, గ్రంథకర్తకూ గ్రంథానికీ ఉండే సాహచర్యం వంటిదైతే మెటానమీ, భాగానికీ మొత్తానికీ ఉండేదైతే సినెక్డకీ అవుతాయి. లూకా 16:29లో ధనవంతుని సహోదరుల యొద్ద “మోషేయు ప్రవక్తలును” ఉన్నారని అబ్రాహాము అన్నప్పుడు, వారంతా ఏనాడో గతించినవారు కనుక, ఉన్నవి వారి గ్రంథాలేనని గ్రహిస్తాం. ఇది మెటానమీ. అపొస్తలుల కార్యములు 27:37లో ఓడలో ఉన్న 276 మందిని కింగ్ జేమ్స్ అనువాదం 276 ఆత్మలుగా లెక్కించడం, అంటే మనిషిలో ఒక భాగమైన ఆత్మ పేరుతో మొత్తం మనిషిని చెప్పడం, సినెక్డకీ.

రెండవ సమాధానం:
మీ రెండవ సందేహానికి లేఖనంలోనే జవాబు ఉందండి. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞను పక్కకు నెట్టినవారిని యేసు మార్కు 7వ అధ్యాయంలో గద్దించాడు కాబట్టి, లూకాలోని మాటకు వాచ్యార్థం పొసగదు. మత్తయి 10:37లో ఇదే బోధ, తనకంటె తండ్రినైనను తల్లినైనను ఎక్కువగా ప్రేమించువాడు తనకు పాత్రుడు కాడన్న రూపంలో ఉంది. ఆదికాండము 29:30లో యాకోబు తన భార్యల్లో లేయా కంటె రాహేలును ఎక్కువగా ప్రేమించాడని చెప్పి, ఆ వెంటనే లేయా ద్వేషింపబడెనని అనడం కూడా ఇదే పద్ధతి. ఇక తీవ్రత మాటకు వస్తే, అది తగ్గదనే నా దృఢమైన అభిప్రాయం. అత్యంత ప్రియమైన బంధం కూడా రెండవ స్థానానికి దిగవలసిందేనని శ్రోత ఉలిక్కిపడి వినాలనే వక్త అతిశయోక్తిని ఎంచుకుంటాడు.

మూడవ సమాధానం:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. తీవ్రతను నిజంగా తగ్గించేది, అతిశయోక్తిని సాధ్యమైన సంగతిగా మార్చే వ్యాఖ్యానమే. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటె ఒంటె సూదిబెజ్జములో దూరడం సులభమన్న మత్తయి 19:24కు, యెరూషలేములో సూదిబెజ్జం అనే చిన్న ద్వారం ఉండేదని, ఒంటె బరువు దించుకొని వంగి అందులో దూరేదని కొందరు చెబుతారు. అటువంటి ద్వారం ఆనాడు ఉన్నదనడానికి ఆధారం లేదు. పైగా శిష్యులు మిక్కిలి ఆశ్చర్యపడి, అట్లయితే ఎవడు రక్షణ పొందగలడని అడిగారు. అది మనుష్యులకు అసాధ్యమే గాని దేవునికి సమస్తమును సాధ్యమని యేసు జవాబిచ్చాడు. ఒంటె ఎలాగో దూరగలిగేదే అయితే ఆ ప్రశ్నకూ ఈ జవాబుకూ చోటే ఉండదు.